పాత వాచీ ఎనిమిది, కొత్త వాచీ పదహారు

అవనిగడ్డ బస్టాండు పక్కన గంగన్న టీ కొట్టులో పొద్దున ఏడింటికి బెంచీ మీద చోటు దొరకాలంటే భుజంగరావు ఊళ్ళో లేని రోజు చూసుకుని వెళ్ళాలి. పురుగుమందుల కొట్టు భుజంగరావు ఊళ్ళో ఉన్నాడంటే అక్కడ ఇసకేస్తే రాలదు. ఆ జనం టీ కోసం కాదు, గంగన్న టీ సంగతి తాగినవాళ్ళందరికీ తెలుసు. భుజంగరావు కోసే కోతల కోసం. ఆయన మాట ఒక్కటీ ఎవరూ నమ్మరు, ఒక్కటీ వదులుకోరు.

రెండువేల తొమ్మిది ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మాత్రం కథ అడ్డం తిరిగింది. ఆ రోజు ఆయన మాట నమ్మడానికి ఒక ఆధారం దొరికింది. అది ఆయన ఎడంచేతికే ఉంది. దాన్ని చూసి సులోచన గుండెల్లో రాయి పడింది.

సులోచన ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. నలభై మూడేళ్ళొచ్చినా తెల్లారకుండానే కరకట్ట మీద పరిగెత్తందే ఆవిడకి రోజు మొదలవదు. అవనిగడ్డ వాకర్స్ సంఘానికీ గుడివాడ వాకర్స్ సంఘానికీ ఏటా ఒక రిలే పరుగు ఉంటుంది. మంగినపూడి బీచి దగ్గర మొదలెట్టి బందరు కోనేరు సెంటర్లో ముగించాలి. మనిషి మారినప్పుడల్లా చేతికందించేది కర్ర కాదు, చెరుకు ముక్క. దివిసీమ వాళ్ళ పట్టుదల అది. పోయినేడు మూడో అంచె పరిగెత్తిన సులోచన గుడివాడ వాళ్ళకంటే రెండు ఫర్లాంగులు ముందొచ్చి చెరుకు ముక్క భుజంగరావు చేతిలో పెట్టింది. చివరి అంచె ఆయనది. గుడివాడ వాళ్ళు కోనేరు సెంటర్లో ఫొటోలు దిగి, సోడాలు తాగి, బస్సెక్కుతుండగా ఆయన వచ్చాడు. చేతిలో చెరుకు ముక్క సగమే ఉంది. దాహం వేసిందన్నాడు.

ఆవిడకి ఆ రోజు అన్నం సయించలేదు. ఈసారి చివరి అంచె తనకే కావాలని సంఘం అధ్యక్షుడు బసవపున్నయ్యని నోరు తెరిచి అడిగింది. ఆయన పెద్దమనిషి, ఎవరి మనసూ నొప్పించలేడు. అందుకని ఒక తీర్పు చెప్పాడు. "మీ ఇద్దరికీ దూరం లెక్కగట్టే వాచీలున్నాయి కదా. శుక్రవారం పొద్దున ఎవరి వాచీలో ఎక్కువ కిలోమీటర్లుంటే వాళ్ళదే ఆదివారం చివరి అంచె. ఏడున్నరకి గుడివాడకి ఫోన్ చేసి పేర్లు చెప్పెయ్యాలి నేను."

ఆ రెండు వాచీలూ నిజానికి భుజంగరావువే. ఓడల్లో పనిచేసే ఆయన తమ్ముడి కొడుకు కళ్యాణ్ నాలుగైదేళ్ళ కిందట సింగపూరు నుంచి ఒకటి తెచ్చిచ్చాడు. సబ్బుపెట్టె అంత ఉంటుంది. మొన్న సంక్రాంతి వెళ్ళాక దాని తరవాతి రకం ఇంకోటి తెచ్చాడు. ఇది గుండ్రంగా, నాజూగ్గా, మామూలు చేతి గడియారంలాగే ఉంటుంది. కొత్తది రాగానే పాతదాన్ని నలుగురి ముందూ సులోచన చేతికిచ్చి, "నీకు సరిపోతుందిలే అమ్మాయ్" అన్నాడు. ఆ 'సరిపోతుందిలే' ఆవిడకి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ శుక్రవారం ఏడింటికి బసవపున్నయ్య ముందు ఇద్దరూ చేతులు చాపారు. సులోచన వాచీలో ఎనిమిది పాయింటు రెండు. చెమట ఇంకా ఆరలేదు. భుజంగరావు వాచీలో పన్నెండు. చొక్కా ఇస్త్రీ నలగలేదు.

"ఇంకా అరగంట ఉంది" అన్నాడు బసవపున్నయ్య ఇబ్బందిగా.

అరగంటలో సులోచన ఏం చేస్తుంది? టీ కొట్టు రేకుల కింద నిలబడగానే పాత వాచీకి శాటిలైట్ తెగిపోయింది. మళ్ళీ బయటికెళ్ళి పట్టుకోవాలంటే పావుగంట. మిగిలిన పావుగంటలో నాలుగు కిలోమీటర్లు పరిగెత్తడం ఎవరివల్లా కాదు. ఒళ్ళు మండిపోతుంటే వచ్చి బెంచీ చివర కూర్చుంది. భుజంగరావు అప్పటికే టీ గ్లాసు అందుకుని, మధ్యలో సర్దుకుని, ఎదురుగా ఉన్న ఆటో జకరయ్య వైపు తిరిగాడు. జకరయ్యకి ఆ పొద్దున బేరాలక్కర్లేదు.

"పన్నెండేనా అనుకుంటున్నావేమో జకరయ్యా, ఇవాళ ఏదో ఒంట్లో బాగాలేక పన్నెండు. అసలు పాత వాచీకీ దీనికీ తేడా తెలియాలంటే మొన్న మంగళవారం సంగతి చెప్పాలి నీకు. పాతది కట్టుకుంటే ఏం చేసేవాణ్ణి? కరకట్ట ఎక్కి, బళ్ళో ఒంటేలుకి అడిగే కుర్రాళ్ళా చెయ్యి పైకెత్తి పావుగంట నిలబడాలి, పైనున్న శాటిలైట్ ఎప్పుడు కరుణిస్తుందా అని. ఒకరోజు అట్లా నిలబడితే పాల లారీ వాడు నేను ఎక్కుతానేమో అనుకుని ఆపేశాడు. ఆపాక ఎక్కకపోతే బాగోదని ఎక్కాను. చల్లపల్లిలో దిగాక దొరికింది శాటిలైట్!"

"మరి కొత్తదో?" అన్నాడు జకరయ్య.

"కొత్తది మీట నొక్కీ నొక్కంగానే ఒకటి కాదు, ఏడొచ్చాయి. నేనంటే నేనని తోసుకుంటున్నాయి. ఒక్కళ్ళు చాలమ్మా, మిగతావాళ్ళు వెళ్ళి పని చూసుకోండి అన్నాను. వినవే! సరే, రండి, పులిగడ్డ దాకా వెళ్ళొద్దాం అన్నాను. ఒట్టు, నేననుకున్నది పులిగడ్డ దాకానే. అయిదు కిలోమీటర్లు. నా వయసుకి అదేం గొప్ప కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"టింగ్" మంది వాచీ.

అందరూ దాని వంక చూశారు. భుజంగరావు కూడా చూశాడు, అందరికంటే ఒక క్షణం ఎక్కువగా. పన్నెండు పోయి పదమూడు పడింది.

"కూర్చునుంటే కిలోమీటరు పెరగడమేంటండీ?" అన్నాడు టీ గిన్నె దగ్గర్నుంచి గంగన్న.

"అదే మరి కొత్త వాచీ అంటే!" భుజంగరావు తడుముకోలేదు. "పొద్దున నేను పరిగెత్తిన వేగానికి అది అప్పటికప్పుడు లెక్క పెట్టుకోలేకపోయింది పాపం. మిగిలిపోయినవి ఇప్పుడు తీరిగ్గా లెక్కపెట్టుకుంటోంది. పాతది అట్లా కాదు, మర్చిపోయినవి మర్చిపోయినట్టే."

బసవపున్నయ్య తలూపి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. సులోచన ఆ తలూపడం చూసింది. మాటల్ని ఎవరైనా కొట్టిపారేస్తారు, అంకెని ఎట్లా కొట్టిపారేస్తారు?

"ఇందులో ఒక చిన్న మనిషుంటాడు" భుజంగరావు గొంతు తగ్గించాడు, ఎవరైనా వింటే ఎత్తుకుపోతారన్నట్టు. "మనతో పాటు పరిగెత్తుతాడు, పోటీకి. పాతదాన్లోనూ ఉండేవాడులే, పుల్లల్తో చేసినట్టు, తిండికి మొహం వాచినట్టు. సులోచనమ్మకి తెలుసు. ఈ కొత్తవాడు పిక్కబలం ఉన్నవాడు. మంగళవారం వాడూ నేనూ సమానంగానే బయల్దేరాం. పులిగడ్డ దాటాం. నేను కొంచెం అడుగు పెంచాను. వాడూ పెంచాడు. నేను ఇంకొంచెం పెంచాను. మోపిదేవి వచ్చేసరికి వాచీలో వాడు ఆగిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని, నా వైపు చూశాడు జకరయ్యా! ఆ చూపు నేను జన్మలో మర్చిపోలేను. జాలేసి, కొబ్బరిబోండం కొట్టించి రెండు చుక్కలు వాచీ మీద పోశాను."

"తడిస్తే పాడైపోదూ?"

"పాతదైతే పాడైపోయేది. ఇది తాగింది. తాగి, 'ఇంక నావల్ల కాదు భుజంగరావు గారూ, మీరు వెళ్ళండి, నేను వెనకాల బస్సులో వస్తా' అన్నాడు."

కొట్టు కొట్టంతా గొల్లుమంది. భుజంగరావుకి ఊపొచ్చింది. బెంచీ సన్నగా అదురుతోంది, దాని మీద గ్లాసులు గలగలమంటున్నాయి. "టింగ్" అంటూ పద్నాలుగు పడింది. ఆయన దాని వంక చూడను కూడా చూడలేదు ఈసారి, అలవాటైపోయింది.

"చల్లపల్లి దగ్గర ముందు బందరు బస్సు పోతోంది, ఎక్స్‌ప్రెస్సు. ఎంత అడిగినా సైడివ్వడు. సరేలే అని పక్కనుంచి దాటేశాను. దాటేస్తుంటే కండక్టరు కిటికీలోంచి చెయ్యి చాపి టిక్కెట్టు తీసుకోమంటాడు! బస్సు పక్కన ఇంతసేపు వచ్చావు కాబట్టి కొట్టాలంట. కూచిపూడి వచ్చేసరికి ఇంకా తెల్లారలేదు. ఒకింట్లో పిల్లలు నాట్యం సాధన చేస్తున్నారు. నా అడుగుల చప్పుడు విని అదే తాళం అనుకుని అందుకున్నారు పాపం. వాళ్ళ మాస్టారు బయటికొచ్చి, 'బాబూ, మా పిల్లలు మూడో కాలం దాకే నేర్చుకున్నారు, తమరు కొంచెం నిదానించాలి' అని దణ్ణం పెట్టాడు. కళాకారుడు, ఆయన మాట తీసెయ్యలేక ఊరు దాటేదాకా నడిచాను. పామర్రులో మళ్ళీ అందుకున్నాను. గుడివాడలో గేటు పడింది. గూడ్సు బండి, యాభై ఎనిమిది పెట్టెలు, అన్నీ బియ్యం బస్తాలే. ఆగుతామా? పెట్టెకీ పెట్టెకీ మధ్య సందుంటుంది చూడు, అందులోంచి, బండి నడుస్తుండంగానే, ఇట్లా వెళ్ళి అట్లా తేలాను. గార్డు పచ్చజెండా ఊపాడు. బండికనుకున్నావా? నాకు!"

"అప్పుడు గుండె ఎట్లా కొట్టుకుందండీ?" జకరయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మంచి మాటడిగావు. పాతదానికి గుండె ఊసే తెలియదు. దీనికి ఛాతీకి కట్టుకునే పట్టీ ఉంది, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్తుంది. గేటు దాటాక చూశాను. నలభై! నిద్రపోయేవాడికి ఉన్నట్టు. వాచీకి అనుమానమొచ్చి 'పడుకున్నారా?' అనడిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుడివాడ వాకర్స్ వాళ్ళు కాలేజీ గ్రౌండులో నన్ను చూశారు. చూసి, వాళ్ళ సెక్రటరీ నా ముందుకొచ్చి చేతులు కట్టుకుని, 'ఆదివారం చివరి అంచె తమరేనా?' అన్నాడు. 'మా వాళ్ళు పేరు రాయాలి' అన్నాను. 'తమరైతే మేం బందరు రాం, ఇక్కడే ఓడిపోయామని కాగితం రాసిస్తాం' అన్నాడు."

బసవపున్నయ్య కళ్ళు మెరిశాయి. ఏడేళ్ళుగా గుడివాడ చేతిలో ఓడిపోతున్న మనిషి. అబద్ధమని తెలిసినా ఆ కాగితం ఆయనకి కంటిముందు రెపరెపలాడింది. "టింగ్." పదిహేను. గోడ గడియారం ఏడూ ఇరవై అయింది.

సులోచన తన సబ్బుపెట్టె వంక చూసుకుంది. ఎనిమిది పాయింటు రెండు. రేకుల కింద అది కళ్ళు మూసుకుని కూర్చుంది. కూర్చున్నది కాబట్టి పెరగలేదు. మరి ఆయనది ఎట్లా పెరుగుతోంది? దొంగ వాచీ అందామంటే సింగపూరు సరుకు. ఆయన చేత్తో ఏమైనా నొక్కుతున్నాడా అంటే, ఒక చేతిలో టీ గ్లాసుంది, రెండో చెయ్యి గూడ్సు బండి చూపించడంలో ఉంది.

"గుడివాడ నుంచి వెనక్కొచ్చేటప్పుడు ఇంకో దారిన వచ్చాను" భుజంగరావు ఇంక నేల మీద లేడు. "హంసలదీవి పక్కనుంచి, సముద్రం మీదుగా. ఏంటి ఆ చూపు? అడుగు తడిసేలోపు రెండో అడుగు వేస్తే మునగరు, అంతే కిటుకు. వెనకాల శాటిలైట్లు ఒకటొకటే ఆయాసపడి ఆగిపోయాయి. మంగళవారం పొద్దున దివిసీమ మొత్తం టీవీలు అరగంట రాలేదు. గుర్తుందా?"

"మా ఇంట్లో రాలేదు!" అన్నాడు జకరయ్య. "మా ఆవిడ నన్ను తిట్టింది, డబ్బా నేనే పాడుచేశానని!"

"నా వెనకాల పడితే ఇంక టీవీ ఎవరు చూపిస్తారు? సరే, అట్లా వచ్చి, ఇక్కడికి, ఈ కొట్టు దగ్గరికే వచ్చాను. వచ్చేసరికి ఈ బెంచీ మీద ఎవరో కూర్చుని టీ తాగుతున్నారు. ఎవరు? నేనే! నేను తిరిగొచ్చేసరికి నేనింకా ఇక్కణ్ణుంచి బయల్దేరలేదు! నన్ను నేను పలకరించుకుని, చెరో టీ తాగి, అప్పుడు ఒకళ్ళం ఇంటికి పోయాం. ఏం గంగన్నా, మంగళవారం రెండు టీలు పోశావా లేదా?"

"పోశానండీ" అన్నాడు గంగన్న. "రోజూ రెండేగా."

ఆ నవ్వులకి బస్టాండులో పడుకున్న కుక్క లేచి వచ్చి చూసింది. బసవపున్నయ్య కూడా నవ్వుతూనే, కలం మూత తీశాడు. "సరే, కథలెట్లా ఉన్నా అంకె అంకే కదా సులోచనా. ఏం అనుకోకు" అని, పుస్తకంలో 'భు' అని రాశాడు.

"ఒక్క నిమిషం బాబాయ్ గారూ" అంది సులోచన. భుజంగరావు వైపు తిరిగింది. "బావగారూ, నాకు తెలియక అడుగుతాను. రేకుల కిందకి వస్తే నా దానికి శాటిలైట్ పోతుంది. మీ దానికి పోదా?"

భుజంగరావుని ఇంతకంటే సుఖపెట్టే ప్రశ్న ఆ ఊళ్ళో ఇంకెవరూ అడగలేరు. "పోతుంది! పోతే పోనీ! అదే అసలు మజా!" కాలు కొంచెం ముందుకు చాపాడు. కుడి బూటు లేసుల మీద చింతగింజంత నల్ల బిళ్ళ ఒకటి తగిలించి ఉంది. "పాతదానికి ఇది లేదు. పైవాళ్ళు కనపడనప్పుడు ఇది అందుకుంటుంది. అడుగు అడుగూ లెక్కపెట్టి చేతికి చేరేస్తుంది. కళ్యాణ్ చెప్పాడు, ఇంట్లో పరిగెత్తినా సరే, కాలు కదిలితే చాలు, ఇది వదలదంట!"

సులోచన ఆ బిళ్ళ వంక చూసింది. బిళ్ళ కింద బూటు వంక చూసింది. కాలు మీద కాలేసుకున్న భుజంగరావు కుడికాలు, ఎప్పటిలాగే, టకటకటకటక ఊగుతోంది. పదేళ్ళుగా ఊగుతూనే ఉంది. కథ ముదిరేకొద్దీ జోరు పెరుగుతుంది. రోజూ చూసేదే కాబట్టి ఆ ఊగడం ఎవరి కంటికీ ఆనదు. సులోచనకి నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి.

"బాబాయ్ గారూ, ఆయన వాచీ కాదు, బూటు చూడండి."

బసవపున్నయ్య చూశాడు. జకరయ్య వంగి చూశాడు. గంగన్న గరిటె పట్టుకునే వచ్చి చూశాడు. అందరూ చూస్తున్నారని భుజంగరావూ చూసుకున్నాడు. కాలు ఆగిపోయింది. వాచీ ఆగిపోయింది.

"ఏదీ, ఒకసారి ఊపండి" అంది సులోచన.

పాపం, ఆయనకి కూడా తెలుసుకోవాలనే ఉంది. ఊపాడు. అంకెలు కదిలాయి. ఆపాడు. ఆగాయి. మళ్ళీ ఊపాడు. "టింగ్." పదహారు.

"అందుకా!" అన్నాడు ఆయన, నిజంగా ఆశ్చర్యపోయి. "పొద్దున అరుగు మీద కూర్చుని పేపరు రెండుసార్లు చదివి లేచేసరికి పన్నెండయ్యాయి. నాకూ అనుమానం వచ్చింది. సరే, మనలో మనకి తెలియని శక్తి ఏదో ఉందిలే అనుకున్నా."

ఈసారి నవ్విన నవ్వుకి జకరయ్య బెంచీ మీంచి జారి కింద కూర్చున్నాడు. ఇంకొకరైతే ఆ పూటకి మొహం చూపించకుండా వెళ్ళిపోయేవారు. భుజంగరావు గ్లాసు కింద పెట్టి, గుండెలు విరుచుకుని, చెయ్యెత్తాడు.

"నవ్వండి, నవ్వండి! కానీ ఒక్కమాట ఆలోచించండి. కూర్చునే ఇంత పరిగెత్తినవాణ్ణి, లేస్తే ఎంత పరిగెత్తుతాను?"

చిత్రం, కొట్టులో సగం మంది ఆ మాటకి నవ్వు ఆపి ఆలోచనలో పడ్డారు. బసవపున్నయ్య కలం గాల్లోనే ఉంది. సులోచన లేచి నిలబడింది.

"లేవండి మరి. కరకట్ట దాకా వెళ్ళొద్దాం, మీరూ నేనూ."

భుజంగరావు అందరి మొహాలూ చూశాడు. బెంచీ అంచు పట్టుకున్నాడు. లేచాడు, సగం దాకా. అంతే, "అబ్బా" అని మళ్ళీ కూలబడి, కుడికాలు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"ఉండమ్మాయ్. కాలు తిమ్మిరెక్కింది."

బసవపున్నయ్య 'భు' కొట్టేసి, పక్కన సులోచన అని పూర్తిగా రాసి, ఫోన్ తీశాడు. సులోచన వంగి భుజంగరావు బూటు లేసు సర్దింది, ఇంట్లో మనిషికి సర్దినట్టే.

"ఎక్కదా మరి బావగారూ? కుడికాలు పొద్దుటినుంచీ పదహారు కిలోమీటర్లు పరిగెత్తింది. ఎడంకాలు చూడండి, ఇంకా ఇంటి దగ్గర్నుంచి బయల్దేరనే లేదు."